మట్టిపనికి చందా



అమెరికాలో మా వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు తూర్పున ఉన్న బెల్‌వ్యూ, ఇసాక్వా, సమామిష్, బాతెల్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఎండాకాలం వస్తే శనివారం పొద్దున ఆ ఇళ్లలో ఒకటే చర్చ. ఇవాళ ఏ కొండ? రాటిల్‌స్నేక్ లెడ్జా, మౌంట్ సైనా? చిన్నపిల్లలున్నారు కాబట్టి ఏదైనా జలపాతం దగ్గరికా? పులిహోర డబ్బాలో పెట్టుకుని, ఎనిమిది దాటితే పార్కింగ్ దొరకదని ఒకరినొకరు తొందరపెట్టుకుంటూ బయల్దేరతారు. ఎక్కుతారు, పైన ఫోటోలు దిగుతారు, దిగివస్తారు. ఆ బాటను ఎవరు బాగుచేస్తున్నారన్న ఆలోచన ఎవరికీ రాదు. అందులో తప్పేమీ లేదు. బాట బాగున్నంతకాలం మన చూపు కొండ మీదే ఉంటుంది, కాళ్ల కింద ఏముందో పట్టదు.

ఆ బాటల బాగోగులకు డబ్బు పోగుచేసేవాళ్లకు వచ్చిన చిక్కు కూడా అదే. కనిపించని పనికి చందా అడగాలి. ఈ పూట మాట్లాడదలచుకున్నది ఆ చందాల సంగతి.

ముందుగా ఈ కొండలు ఎవరివో చెప్పాలి. ఇవి ప్రజల భూములు. కొన్ని కేంద్రం కింద ఫారెస్ట్ సర్వీస్‌వి, కొన్ని రాష్ట్ర సహజ వనరుల శాఖవి, కొన్ని స్టేట్ పార్కులు, కొన్ని కౌంటీవి, నగరానివి. ఒకే లోయలో నాలుగు మైళ్లు నడిస్తే ఇద్దరు ముగ్గురు యజమానుల భూమి తొక్కవచ్చు. నడిచేవాడికి ఆ తేడా తెలియదు. బండి అద్దానికి ఏ పాస్ తగిలించాలి అన్నచోట మాత్రం తెలుస్తుంది. కేంద్రం అడవికి ఒక పాస్, రాష్ట్రం భూములకు ఇంకో పాస్. రాష్ట్రం ఇచ్చే డిస్కవర్ పాస్ 2011లో, బడ్జెట్ కోతల కాలంలో, ఏడాదికి 30 డాలర్ల ధరతో మొదలైంది. 2025 అక్టోబరులో 45 అయింది. అందులో 84 శాతం స్టేట్ పార్కులకే పోతుంది. మిగతాది రాష్ట్రంలోని మరో రెండు శాఖలకు చెరి ఎనిమిది శాతం.

మరి బాటకు ఖర్చేముంటుంది, మట్టే కదా అంటారు. మట్టి కాబట్టే ఖర్చు. బాటకు శత్రువు మనిషి కాలు అనుకుంటాం గానీ, అంతకంటే పెద్ద శత్రువు నీరు. కొండవాలున వేసిన బాటను లోయవైపు కాస్త వాల్చి కడతారు, వాన నీరు అడ్డంగా దాటి కిందికి జారిపోవాలని. వందలమంది నడిచేసరికి మధ్యన గుంట పడుతుంది, బయటి అంచున మట్టి చిన్న గట్టులా పేరుకుంటుంది. ఆ తర్వాత నీటికి పక్కకు పోయే దారి ఉండదు. బాటలోకే దిగి, దాని పొడవునా పరుగెడుతుంది. రెండు మూడు వానాకాలాలకు వేర్లు, రాళ్లు పైకి తేలతాయి. ఆ రాళ్ల మీద నడవలేక జనం పక్కన గడ్డిలోంచి పోతారు. ఒక బాట కాస్తా మూడు అవుతుంది. మలుపుల దగ్గర అడ్డంగా కోసుకుని దిగేవాళ్లు ఆ పనిని ఇంకా తొందరగా కానిస్తారు. ఈ మాట అంటే మనవాళ్లకు కోపం రావచ్చు గానీ, అలా దిగేవాళ్లలో మనవాళ్లూ తక్కువేం లేరు.

దీనికి మందు చాలా మామూలుది. కొంత దూరానికొకటి బాటలో పల్లపు మలుపు తీసి, నీరు బయటికి పోయే నోరు తెరిచి పెడతారు. శరదృతువులో ఆ నోట్లో మేపుల్ ఆకులు, ఫర్ సూదులు, కొట్టుకొచ్చిన మట్టి నిండిపోతాయి. గుద్దలితో వాటిని లాగి పారేసి, నోటిని పార వెడల్పుకు రెండింతలు తెరిచి, అంచున పేరుకున్న గట్టును తెగగొట్టాలి. మన పల్లెల్లో ఎండాకాలం పంట కాలవకు పూడిక తీసినట్టే, ఏటా చెయ్యాల్సిన పని. తీసిన నాడు పెద్దగా ఏమీ కనిపించదు. తియ్యకపోతే ఐదేళ్లకు కొండ చరియే కూర్చుంటుంది, అప్పుడు యంత్రాలు, ఇంజనీర్లు, లక్షల డాలర్లు.

గాలివానలు వేరే. 2024 నవంబరు 19 రాత్రి పడమటి వాషింగ్టన్ మీద విరుచుకుపడ్డ గాలిని ఇక్కడివాళ్లు మర్చిపోరు. మా తూర్పు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇళ్ల మీద చెట్లు పడ్డ సంగతి వార్తల్లో వచ్చింది. ఇసాక్వా చుట్టూ ఉన్న కొండల మీద బాటలకు అడ్డంగా పడ్డ చెట్ల సంగతి, అక్కడికి పోయినవాళ్లకే తెలుసు. ఒక మోస్తరు డగ్లస్ ఫర్ మాను అడ్డం పడితే దాన్ని తప్పించుకుని పక్కనుంచి ఎక్కడం చిన్నపిల్లలతో అయ్యే పని కాదు.

ఇక డబ్బు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లో ఒక నివేదిక ఇచ్చింది. ఫారెస్ట్ సర్వీస్ చేతిలో 1 లక్షా 58 వేల మైళ్ల బాటలున్నాయి, వాటిలో ఆ శాఖ సొంత ప్రమాణాలకు తూగేవి సుమారు నాలుగో వంతే అని తేల్చింది. చెయ్యకుండా పేరుకుపోయిన మరమ్మతుల ఖర్చు 2012 లెక్కల ప్రకారం 31 కోట్ల 40 లక్షల డాలర్లు. ఆ తర్వాత 2020లో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం వచ్చింది. ఐదేళ్లపాటు ఏటా 190 కోట్ల డాలర్ల వరకు పాత మరమ్మతులకు ఇచ్చింది. అందులో 70 శాతం నేషనల్ పార్కులకు, 15 శాతం ఫారెస్ట్ సర్వీస్‌కు. ఆ 15 శాతంలోంచే రోడ్లు, వంతెనలు, భవనాలు కూడా బాగుపడాలి. అంతా పోగా, ఏటా ఆకులు లాగే పనికి ఆ చట్టంలో వేరే పద్దు పెట్టలేదు.

ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లే వాలంటీర్లు. మన భాషలో శ్రమదానం చేసేవాళ్లు. మా రాష్ట్రంలో ఈ పని చేసే సంఘాల్లో పెద్దది వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్. దాని మూలాలు 1966లో లూయీస్ మార్షల్ అనే ఆవిడ పెట్టిన సైన్‌పోస్ట్ అనే చిన్న పత్రికలో ఉన్నాయి. పార పట్టుకుని బాటల మీదికి రావడం మాత్రం 1993లో మొదలైంది. ఇప్పుడు ఏటా లక్ష గంటలకు పైగా పని వాలంటీర్ల చేతుల మీదుగా నడుస్తోంది. పొద్దున బాట మొదట్లో కలుస్తారు. అందరికీ హెల్మెట్లు ఇస్తారు. పనివాళ్లకు ఆకుపచ్చ, సహాయ మేస్త్రీలకు నీలం, మేస్త్రీకి నారింజ రంగు. ఐదుసార్లు వస్తే మీ పేరు రాసిన హెల్మెట్ మీకే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ప్రమోషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఈ హెల్మెట్ అందుకున్నప్పుడు వాళ్ల మొహంలో కనిపించే వెలుగు చూసి తీరవలసిందే.

పనిముట్లలో పులాస్కీ అని ఒకటుంటుంది. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు గుద్దలి. ఎడ్ పులాస్కీ అనే ఫారెస్ట్ రేంజర్ పేరు అది. 1910 ఆగస్టులో ఐడాహోలో అడవులు తగలబడుతున్నప్పుడు తన మనుషులను ఒక పాత గని సొరంగంలోకి తోసి, బయటికి పారిపోబోతే కాలుస్తానని తుపాకీ చూపించి ఆపి, నలభై మందిని బతికించాడు. ఆయన చూపు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ప్రభుత్వం వైద్యానికి పరిహారం ఇవ్వలేదు. చివరికి ఒక పత్రిక వ్యాసాల పోటీకి ఆనాటి కథ రాసి, బహుమతిగా 500 డాలర్లు తెచ్చుకున్నాడు. బాటల పనికి, చేతిలో డబ్బు లేకపోవడానికి సంబంధం అంత పాతది.

ఇంకొకటి ఇద్దరు పట్టి లాగే పొడుగాటి రంపం. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కిందికి వచ్చే అడవుల్లో మోటారుతో నడిచే పనిముట్టు ఏదీ వాడకూడదు. మా పక్కనున్న ఆల్పైన్ లేక్స్ అలాంటిదే. కాబట్టి అక్కడ అడ్డం పడ్డ మానును ఈ రంపంతోనే కొయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్లు బలమంతా పెట్టి అవతలివైపుకు నెడతారు, రంపం వంగి ఇరుక్కుంటుంది. నెట్టకూడదు. లాగడమే మన వంతు, లాగాక వదిలేస్తే అవతలి మనిషి లాగుతాడు. పదును సరిగ్గా ఉంటే మానులోంచి పొట్టు రాదు, సేమ్యాల్లాంటి పొడుగాటి పోగులు వస్తాయి. పొట్టు రాలుతోందంటే రంపానికి పదును పెట్టించే రోజు వచ్చిందన్నమాట. ఆ పదును పెట్టడం తెలిసినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. పాతకాలపు పద్ధతిలో ఆ రంపాలను తయారుచెయ్యడమూ ఎప్పుడో మానేశారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, వాలంటీరు పని ఊరికే వస్తుందని చాలామంది నమ్మకం. జీతాలు ఇవ్వక్కర్లేదు, ఇంక చందా దేనికి అని నన్నే అడిగారు. మనుషులు ఊరికే వస్తారు, పని ఊరికే జరగదు. పదిమంది రావాలంటే వాళ్లను పిలిచి, పేర్లు రాసుకుని, వాన పడితే మళ్లీ కబురు చేసే మనిషి ఆఫీసులో ఉండాలి. మేస్త్రీకి కొండ మీద దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో శిక్షణ ఉండాలి. రంపం పట్టేవాడికి ఫారెస్ట్ సర్వీస్ సర్టిఫికెట్ ఉండాలి, గడువు తీరితే మళ్లీ తెచ్చుకోవాలి. పనిముట్లు మోసే ట్రక్కు, బీమా, చేతి తొడుగులు, అన్నీ డబ్బే. వెయ్యి మంది రేపు పొద్దున్నే వస్తామన్నా, మేస్త్రీ లేకపోతే ఆ వెయ్యి మందీ బాటను ఇంకా పాడుచేసి పోతారు.

సరే, ఈ డబ్బు ఎలా పోగవుతుంది? అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ వాళ్లు వేసుకున్న ఉపాయాల్లో ఒకటి ఆగస్టు నెల నడక, హైక్-ఎ-థాన్. మీరు ఆ నెలలో ఎన్ని మైళ్లు నడుస్తారో అన్ని మైళ్లకు మీ బంధువులు, స్నేహితులు మైలుకింత అని మాటిస్తారు. బాబాయి మైలుకు డాలరు, ఆఫీసు స్నేహితుడు మైలుకు రెండు. నడిచేవాళ్లు ఎలాగూ నడుస్తారు, ఆ నడకనే అడగడానికి నెపం చేసుకున్నారు. మన తెలుగు సంఘాలు 5కే నడకలు పెట్టి మన ఊరి బడికో ఆసుపత్రికో చందాలు పోగుచేస్తాయి కదా, అదే పద్ధతి. మన నడకలు జరిగేది కూడా ఎక్కువగా ఈ పబ్లిక్ పార్కుల్లోనే. ఆ వసూళ్లలోంచి ఒక చిన్న వాటా ఆ పార్కు బాటకు ఎందుకు పోకూడదని నాకు ఎప్పటినుంచో ఉంది. సంఘాల పెద్దలు వింటుంటే ఆలోచించండి.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే చిత్రమైనది, సంతకాల కాగితం. పనికి వచ్చినవాళ్లు పొద్దున ఒక కాగితం మీద పేరు, గంటలు రాస్తారు. చాలామంది దాన్ని హాజరు పట్టీ అనుకుంటారు. నిజానికి అది చెక్కుబుక్కు. ఎలాగో చెబుతాను. 1991 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వానికి రిక్రియేషనల్ ట్రెయిల్స్ అనే పథకం ఉంది. అడవుల్లో, మంచు మీద తిరిగే బళ్ల పెట్రోలు పన్నులోంచి బాటలకు డబ్బు ఇస్తారు. మామూలుగా ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం 80 వంతులు, అడిగినవాళ్లు 20 వంతులు పెట్టుకోవాలి. ఆ 20 వంతులు నగదే కానక్కర్లేదు, వాలంటీర్ల గంటలకు వెలకట్టి చూపించవచ్చు. గంటకు ఎంత అనేదానికి దేశవ్యాప్తంగా చాలామంది వాడే అంచనా ఇటీవల 33 డాలర్లు దాటింది. ఆ లెక్కన పదిమంది ఆరేసి గంటలు మట్టి తవ్వితే, కాగితం మీద దాదాపు 2 వేల డాలర్లు. ఆ 2 వేలు 20 వంతుల కింద చెల్లితే, నియమాలన్నీ కలిసివస్తే, 8 వేల డాలర్ల దాకా కేంద్రం వాటా రాబట్టవచ్చు. సంతకం పెట్టకుండా వెళ్లిపోయిన మనిషి చేసిన పని బాట మీద ఉంటుంది గానీ, పద్దులో ఉండదు. అందుకే మేస్త్రీలు సాయంత్రం ఆ కాగితం కోసం అంత వెంటపడతారు.

మూడోది మన టెకీలకు బాగా తెలిసిన మ్యాచింగ్. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి చందా ఇస్తే, ఏడాదికి 15 వేల డాలర్ల వరకు కంపెనీ అంతకంత కలుపుతుంది. చందా ఇవ్వకపోయినా, వాలంటీరుగా పనిచేసిన ప్రతి గంటకు 25 డాలర్లు ఆ సంస్థకు పంపుతుంది. ఆరు గంటల పనికి 150 డాలర్లు. మీరు చెయ్యాల్సిందల్లా కంపెనీ సైట్‌లో గంటలు నమోదు చెయ్యడం. అది చెయ్యనివాళ్లు చాలామంది ఉన్నారు. ఐదు నిమిషాల పనికి బద్ధకించి 150 డాలర్లు గాలికి వదిలేస్తారు, కూపన్ దొరికితే మాత్రం పది డాలర్ల కోసం అరగంట వెతుకుతారు.

ఇక్కడ డబ్బు అడిగేవాళ్లు నేర్చుకున్న ఇంకో రహస్యం ఉంది. జనం 'బాటల'కు ఇవ్వరు, ఫలానా కొండకు ఇస్తారు. బ్రిటన్‌లో పర్వతారోహకుల సంఘం 2016లో 'మెండ్ అవర్ మౌంటెన్స్' అని పెట్టి, స్నోడన్, స్కాఫెల్ పైక్ లాంటి పేరున్న కొండల మీద ఫలానా బాటను బాగుచేస్తాం అని ఒక్కో ముక్కకూ చందా అడిగింది. లక్ష పౌండ్లకు పైగా వచ్చాయి. తమ కాళ్లు తొక్కిన చోటంటే మనిషికి మమకారం. కానీ దీనికో ఇబ్బందీ ఉంది. ఫోటోలకు పేరుపడ్డ కొండకు డబ్బు వస్తుంది. ఎవరూ ఎరగని లోయలో, ఎల్క్‌లూ ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లూ తిరిగే బాటకు పైసా రాదు. నాలుగేళ్లు పట్టించుకోకపోతే అది మ్యాపులో మాత్రమే మిగులుతుంది.

మన దానాల్లో కూడా ఈ గుణం ఉంది. మంగళగిరి కొండకు మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించారని ఈనాటికీ చెప్పుకుంటాం. గుళ్లల్లో మెట్టు మెట్టుకూ దాతల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ మెట్లు రోజూ ఊడ్చేవాళ్ల పేరు ఏ రాతి మీదా ఉండదు. అమెరికాలోనూ అంతే. కొత్త వంతెనకు, వ్యూపాయింట్‌కు, బల్లకు దాతలు సులభంగా దొరుకుతారు, ఇత్తడి పలక మీద పేరు పడుతుంది కాబట్టి. ఆకులు లాగినందుకు పలక పెట్టలేరు కదా. దానికి తోడు, ఆఫీసు ఖర్చులకు కాదు, నా డబ్బు సూటిగా బాటకే పోవాలి అని షరతు పెట్టే దాతలు ఎక్కువయ్యారు. మనవాళ్లలో ఈ షరతు ఇంకా గట్టిగా ఉంటుంది. మోసపోయిన అనుభవాలున్నాయి కాబట్టి అర్థం చేసుకోగలను. కానీ పైన చెప్పిన మేస్త్రీ శిక్షణ, రంపం పదును, బీమా అన్నీ లెక్కల్లో ఆఫీసు ఖర్చులాగే కనిపిస్తాయి. నా మటుకు నేను షరతు లేని చందాయే ఇస్తాను. సంస్థ ఏటా తన ఆదాయ వ్యయాలు బయటపెడుతుందా అన్నది చూస్తాను, అంతే.

ఒక ఆక్షేపణ తరచుగా వినిపిస్తుంది. పన్నులు కడుతున్నాం, పాస్ కొంటున్నాం, మళ్లీ చందా ఏమిటి, వాలంటీర్లు చేసిపెడుతుంటే ప్రభుత్వం ఇంకా తగ్గించదా? ఇది తీసిపారేసే మాట కాదు. 2025 ఫిబ్రవరిలో ఫారెస్ట్ సర్వీస్‌లో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగులను పెద్ద సంఖ్యలో తీసేశారు, తర్వాత కొందరిని వెనక్కి తీసుకున్నారు. అప్పుడు కొందరు, ఏముంది, వాలంటీర్లున్నారుగా అన్నారు. అక్కడే పొరపడ్డారు. ప్రభుత్వ భూమిలో వాలంటీరు తనంతట తాను గుద్దలి వెయ్యలేడు. ఎక్కడ తవ్వొచ్చు, ఏ చెట్టు ముట్టుకోకూడదు, వాగులో చేపలు గుడ్లు పెట్టే కాలం ఏది అన్నవి తేల్చి అనుమతి ఇచ్చే రేంజర్ ఉండాలి. రేంజర్ సీటు ఖాళీ అయితే వాలంటీర్ల పనీ ఆగిపోతుంది. అపలేచియన్ ట్రెయిల్‌ను చూడండి. 1921లో బెంటన్ మకాయ్ ఆలోచన, 1925లో సంఘం, 1937కు బాట పూర్తి. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల్లో 2,190 మైళ్లకు పైగా, వాలంటీరు క్లబ్బులే కాచుకుంటూ వచ్చాయి. అయినా దానికి చట్టపరమైన రక్షణ 1968లో ప్రభుత్వం చేసిన చట్టంతోనే వచ్చింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దాని దక్షిణ భాగాన్ని చీల్చేసినప్పుడు, రంపాలు పట్టుకుని క్లబ్బులూ కదిలాయి, ప్రభుత్వ శాఖలూ కదిలాయి. చందా ఇచ్చేవాళ్లు శాసనసభ్యుడికి ఉత్తరం రాయడం మానక్కర్లేదు. రెండూ చెయ్యొచ్చు.

ఇక్కడ వింటున్నవాళ్ల కోసం నాలుగు పనికొచ్చే మాటలు. మట్టిపనికి శనివారాలు త్వరగా నిండిపోతాయి, వారం మధ్యలో ఖాళీ ఉంటుంది. పనిముట్లు, హెల్మెట్ సంఘంవాళ్లే ఇస్తారు. తిండి, నీళ్లు, పొడుగు చేతుల చొక్కా, గట్టి బూట్లు మనవి. పిల్లలతో వెళ్లాలంటే కుటుంబాలకని వేరే రోజులు పెడతారు, అవి చూసుకోండి. రెండు రోజులు పనిచేస్తే ఫారెస్ట్ సర్వీస్ పాస్ ఉచితం. డిస్కవర్ పాస్ కావాలంటే రాష్ట్ర భూముల్లో 24 గంటలు పనిచెయ్యాలి. 45 డాలర్ల పాస్‌కు 24 గంటలంటే గంటకు రెండు డాలర్లు కూడా పడదు. లెక్క చూసుకుని నవ్వుకున్నవాళ్లే ఆ పాస్ తగిలించుకుని తిరుగుతున్నారు. చందా ఇవ్వదలచుకున్నవాళ్లు అక్టోబరు దాకా ఆగవచ్చు, కొన్ని కంపెనీల్లో విరాళాల నెల అది. కానీ డిసెంబరు 31 దాటితే ఆ ఏడాది పన్ను మినహాయింపు రాదు. ఈ ఏడాది మీరు చేసిన గంటలు కంపెనీ సైట్‌లో ఇంకా ఎక్కించకపోతే, ఈ ప్రసంగం అవగానే ఎక్కించండి.